అటుపక్క

మూడు వందల జీఎస్ఎం అట్ట
స్టేషన్ రోడ్డుల యాభై షీట్లు కొన్న.
కొట్టాయన గోటితో టకటక కొట్టి చూపి
"ఇది ఇంటి ప్రింటర్ మింగదమ్మా" అన్నడు.
నిజమే.
మొదటి షీటు కింది ట్రేలకెల్లి పోయి
లోపల మలుపు కాడ ఇరుక్కున్నది
ఇరుకు గల్లీల పెండ్లి బస్సు లెక్క.
రెండు చేతుల పట్టి మెల్లగ గుంజితే
అట్టకు మడత, నా చూపుడువేలుకు నల్లసిరా.

బిడ్డ కాలేజీ ప్రాజెక్టులకని కొన్న ప్రింటర్ ఇది.
దానికి తెలిసింది పలుచని కాగితం,
తనంతట తానే తిప్పి రెండో దిక్కు అచ్చేసే సోకు.
మందం చూస్తే ఆ సోకు బంద్.
వెనక మూత తెరిచి, తిన్నగ పోయే తొవ్వల
ఒక్కొక్క షీటే పెట్టాలె,
రోలర్ పట్టుకునేదాక
వేలితో ఇంత ఆసరా ఇయ్యాలె.

ఈ కార్డులు మొగిలన్నకు.
కాశిబుగ్గ ప్రెస్సుల ఆయనది కంపోజింగు, నాది బైండింగు.
తొమ్మిదేండ్లు
ఆయన పేర్చిన అక్షరాలను నేను మడతపెట్టిన.
పెండ్లి పత్రికలు, మిల్లు కార్మికుల కరపత్రాలు,
కిరాణం బిల్లుబుక్కులు.
వత్తు ఒక్కటి తక్కువైతే
అరలన్నీ దేవులాడేటోడు
ఉగాదికి ముందు కుడిపక్క పడిపోయి
మాటలన్నీ పారబోసుకున్నడు.
ఎంజీఎంల థెరపీ పిల్ల చెప్పింది:
ఇటు బొమ్మ, అటు పేరు. రోజుకు ఆరు.

తొలిసారి పేర్లన్నీ తలకిందులు,
అట్ట వెనక గబ్బిలాల లెక్క వేలాడినయి.
రెండోసారి సిరా ఆరకముందే తిప్పిన,
చంద్రుని మీద చక్రాల గాట్లు.
మూడోసారి రాత్రంతా ఆరబెట్టి
వంపు తిరిగిన అట్టల మీద
బియ్యం డబ్బా బరువు పెట్టిన.
తెల్లారి, పుస్తకంల పుట తిప్పినట్టు తిప్పితే
తలకు తల సరిపోయింది.
ఎగిరినంత పని చేసిన.
ఒక షీటు కత్తిరించి, ఇంకొకటి అట్లనే చుట్టి
సంచిలేసుకొని పోయిన.

మొగిలన్న గొడుగు బొమ్మ చూసిండు.
తిప్పిండు.
అటుపక్క: తాళంచెవి.
తాళంచెవి బొమ్మ తిప్పితే: గొడుగు.
నడుమ వరుసల కుండకు మాత్రం కుండే.
నా మొకం చిన్నగైంది.
ఆయన నవ్విండు.
నోరు ఒక్క దిక్కే లేచింది గాని
నవ్వే అది,
కొత్త పిల్లగాడు "న"ను బోర్లా పేర్చిన రోజు నవ్విన నవ్వు.

కత్తిరించని షీటు ముందల పరిచిన.
ఎడమచేతి బొటనవేలు ఎడమ బొమ్మ మీద పెట్టి,
షీటు తిప్పి,
చెయ్యిని అడ్డంగ దాటించి కుడి చివర తట్టిండు.
మళ్లా తట్టిండు.
సీసం అక్షరాలను ఎన్నేండ్లు అద్దంల లెక్క చదివిండో!
ఆ లోకంల కుడి అంటేనే ఎడమ.
మాట పోయింది,
ఆ తిరుగుడు మాత్రం చేతులనే ఉన్నది.
పెన్సిలు అడిగి (అడుగుడంటే, వేళ్లు కలిపి చూపుడు)
ఒక మూలకు చిన్న గీత గీసిండు,
ఈ మూలే ముందు పోవాలె అన్నట్టు.

ఆ రాత్రి పేర్ల వరుసలు అటిటు మార్చి కొట్టిన.
ఎర్రసిరా అయిపోవచ్చి
చెప్పుల జత గులాబి రంగులకు దిగింది.
పేర్లు మాత్రం బొమ్మలకు దొరికినయి,
ఒక రెండు మిల్లీమీటర్ల జరుగుడు తప్ప.
అంచు గీతలు తీసేసిన, అది కనవడకుంట.
కొత్త కట్ట ఇస్తే తీసుకున్నడు.
పాత గొడుగు కార్డు వాపసియ్యమంటే
ఇయ్యలే,
అంగి జేబుల పెట్టుకున్నడు.

శుక్రారం వాన.
నేను పోయేటప్పుడు గడపల నిలవడ్డడు.
నా దిక్కు చూసి, మొగులు దిక్కు చూసి,
జేబు తడుముకొని,
"తా... తాళం" అన్నడు.
ఈశ్వరమ్మ వదిన లోపలికి పోయి
మారుమాట లేకుంట
గొడుగు తెచ్చి నా చేతికిచ్చింది.